గుట్ట మీది కుజుడు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, చేతిలో బి.ఎడ్. పట్టా, జేబులో రెండు రంగుల పెన్నులు. ఆ వయసులో మనిషికి ఉండే జ్ఞానం తరవాత ఎన్నడూ ఉండదనుకుంటాను. నాకైతే అది ఏటేటా తరిగిపోతూ వచ్చింది. ఇప్పుడు నలభై దాటి, సొంతంగా ఒక బడికి పెద్దసార్‌నయ్యాక, "ఏమో, తెలియదు" అనే మాట అలవోకగా వస్తోంది. ఆ మాట అప్పుడే వచ్చి ఉంటే ఈ కథ జరిగేది కాదు. దీన్ని నేను స్టాఫ్ రూముల్లో చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు కూడా. అయితే ప్రతిసారీ నవ్వు రాగానే ఆపేసేవాణ్ణి, తరవాత జరిగింది చెప్పేవాణ్ణి కాదు. ఈసారి చివరిదాకా చెబుతాను.

మాది వైరా పక్కన పల్లె. తాతగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి, వైరా చెరువు కింద పొలం కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. నాకు మొదటి పోస్టింగు భద్రాచలం దాటాక, బస్సు దిగి ఇంకో ఆరు కిలోమీటర్లు అడవిలోకి నడవాల్సిన ఊళ్లో, ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. (మా అమ్మ ఆ ఆర్డరు కాగితం చూసి, నన్నేదో జైలుకు పంపుతున్నట్టు రెండు రోజులు అన్నం మానేసింది.) అక్కడ ఏడో తరగతి దాకా ఉండేది. పిల్లలంతా చుట్టుపక్కల కోయ గూడేల వాళ్లు. బడిలోనే తిని, బడిలోనే పడుకునేవారు. తమలో తాము కోయ భాషలో మాట్లాడుకునేవారు, మాతో తెలుగులో మాట్లాడేవారు, నా క్లాసులో మాత్రం ఏ భాషలోనూ మాట్లాడేవారు కాదు. ఆ నిశ్శబ్దాన్ని నేను గౌరవం అనుకున్నాను. నా పాఠం అంత గొప్పగా ఉందని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

ఇద్దరు పిల్లల గురించి ముందే చెప్పాలి. మొదటి బెంచీలో ఒక పిల్లవాడు ఉండేవాడు. నేను ఏది చెప్పినా, వాక్యం పూర్తి కాకముందే "అవ్ సార్" అనేవాడు. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయంటే అవ్ సార్, యాభై దగ్గర మరుగుతాయన్నా అవ్ సార్. అందుకని వాడి పేరే అవ్‌సార్ అయింది. నాకు వాడంటే ప్రాణం. మూడో బెంచీలో గోడవైపు కూర్చునే ఆడపిల్ల ఒకతి ఉండేది. పన్నెండేళ్లుంటాయి. బడి మొత్తంలో చెయ్యెత్తి ప్రశ్న అడిగేది అదొక్కతే. ప్రశ్న అడగడానికి ముందు, "సార్, ఒక డౌటు" అనేది. ఆ ఒక్క ఇంగ్లీషు ముక్క ఎక్కడ నేర్చుకుందో గానీ రోజుకు నాలుగుసార్లు వాడేది. నేను వెటకారంగా "డౌటమ్మా" అని పిలిచేవాణ్ణి. పిల్లలూ అలాగే పిలిచేవారు. ఆ పిల్ల ఆ పేరుకు నొచ్చుకోకపోగా, అది నేనిచ్చిన బిరుదనుకుని సంబరపడేది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటుంది.

ఆ ఏడు నాకు ఖగోళ శాస్త్రం మీద మోజు పుట్టింది. నక్షత్రాలు, గ్రహాలు అనే పాఠాన్ని నల్లబల్ల మీద కాకుండా ఆకాశం కింద చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఆశ్రమ పాఠశాలలో ఆరున్నరకల్లా రాత్రి భోజనాలు అయిపోతాయి. ఏడింటికి అరవై మందిని గ్రౌండులో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఇక్కడొక చిన్న ఇబ్బంది ఉంది. నక్షత్రాల గురించి నాకు పుస్తకంలో ఉన్నదంతా తెలుసు, నక్షత్రాలు మాత్రం తెలియవు. బి.ఎడ్.లో మాకు చెప్పిన సార్ కూడా మధ్యాహ్నం రెండు గంటలకు, ఫ్యాను కింద, గోడ మీది చార్టు చూపించి చెప్పారు. ఆయనకు చెప్పినాయన కూడా అలాగే చెప్పి ఉంటాడు. ఖమ్మంలో ఒక నక్షత్ర పటం కొనుక్కొచ్చి, నేల మీద పరిచి చూస్తే, అందులో తూర్పు ఎడమవైపు ఉంది, పడమర కుడివైపు ఉంది. అచ్చువేసినవాడి అజ్ఞానానికి నవ్వుకుని, ఎర్ర పెన్నుతో తూర్పును కొట్టేసి పడమర అనీ, పడమరను కొట్టేసి తూర్పు అనీ దిద్దాను. (ఆ పటాన్ని తలకు పైన పట్టుకుని చూడాలని, అప్పుడు దిక్కులు సరిపోతాయని నాకు తెలిసేసరికి ఇంకో మూడేళ్లు పట్టింది.) ఆ దిద్దిన పటం పెట్టుకుని నేను చూపించిన సప్తర్షులు ఎవరో, నిజానికి అవి ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. పిల్లలు మాత్రం బుద్ధిగా చూశారు. డౌటమ్మ ఒకసారి, "సార్, మా అవ్వ ఆ గుంపును పిల్లలకోడి అంటది. అది కనిపిస్తే ఏ నెలో చెప్తది" అంది. "అవి కృత్తికలు. కోడీ కాదు, పిల్లలూ కాదు. రాసుకో" అన్నాను. నిజానికి ఆ గుంపు కృత్తికలే అని నాకు ఆ పిల్ల చూపించాకే తెలిసింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో పేపర్లో ఒక వార్త వచ్చింది. కుజ గ్రహం భూమికి దగ్గరగా వస్తోందనీ, సాయంత్రం తూర్పున ఎర్రగా, ప్రకాశవంతంగా కనిపిస్తుందనీ, ఎవరైనా మామూలు కళ్లతో చూడవచ్చనీ రాశారు. ఆ రోజు ఆకాశమంతా మబ్బు. అయినా ఆగలేక పిల్లల్ని గ్రౌండుకు తోలాను. తూర్పు దిక్కున, టేకు చెట్ల మీదుగా కనిపించే గుట్ట కొసన, మబ్బు కింద ఒక చుక్క, ఎర్రగా, ఏ మాత్రం మినుకుమనకుండా వెలుగుతోంది. నా గుండె ఝల్లుమంది. పుస్తకం నుంచి బయటికొచ్చి ఆకాశంలో నిలబడ్డ మొదటి వస్తువు అది, నాకు. "అదిగో! కుజుడు! అంగారకుడు! మనకు కోట్ల మైళ్ల దూరంలో ఉన్నాడు" అని అరిచాను. అవ్‌సార్ వెంటనే "అవ్ సార్" అన్నాడు. తక్కినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు డౌటమ్మ చెయ్యి లేచింది.

"సార్, ఒక డౌటు. అది టవర్ లైటు గద సార్?"

"ఏ టవరు?"

"సెల్లు టవర్ సార్. ఎండకాలం గుట్ట మీద కట్టిన్రు. మా అయ్య ఇనుము మోసిండు. పైన ఎర్ర లైటు పెట్టిన్రంట. ఇంక సిగ్నలు రాలే గానీ లైటు ఎలుగుతది."

ఒక్క క్షణం ఆగి, మర్నాడు పగలు ఆ వైపు చూసి ఉంటే సరిపోయేది. నేను వచ్చింది జూన్ చివర, టవరు అంతకుముందే లేచింది. పగటిపూట ఆ గుట్ట వైపు నేనెప్పుడూ చూసి ఎరగను. ఖగోళ శాస్త్రం రాత్రి సబ్జెక్టు కదా అనుకునేవాణ్ణి. పైగా అరవై మంది ముందు, ఇనుము మోసినవాడి కూతురు నన్ను దిద్దడమేమిటి? (ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు నాకొచ్చిన ఆలోచన మాత్రం అక్షరాలా ఇదే.) "మీ అయ్య కుజుడి దాకా ఇనుము మోశాడా?" అన్నాను. అందరూ నవ్వారు. డౌటమ్మ కూడా నవ్వింది. అంతటితో ఆగినా బాగుండేది. "అది టవర్ లైటు కాదు, కుజ గ్రహం" అని వందసార్లు రాసి తీసుకురమ్మన్నాను. మర్నాడు పొద్దున్నే తెచ్చింది. ఒక్క అక్షరం తప్పు లేకుండా, నెంబర్లు వేసి మరీ రాసింది. నేను ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి సంతకం చేశాను.

నాలుగు రోజుల తరవాత మబ్బు విడిచింది. గుట్ట మీది ఎర్ర దీపం అక్కడే ఉంది. దానికి బాగా పైన, ఆకాశంలో, దానికంటే పెద్దగా ఇంకొక ఎర్ర చుక్క కనిపించింది. చెయ్యి మళ్లీ లేచింది. "సార్, ఒక డౌటు. మినుకుమినుకు అంటే నక్షత్రం, అనకపోతే గ్రహం అని మీరే చెప్పిన్రు. ఆ పైది మినుకుమంటలేదు సార్. మరి అదేంది?" అంది. నేను పైకి చూశాను, కిందికి చూశాను. ఇద్దరు కుజులు ఉండడానికి వీల్లేదు. మొదటివాడికి ఇప్పటికే సంతకం పెట్టేశాను. "అదేదో నక్షత్రం. కూర్చో" అన్నాను. అలా నిజమైన కుజుణ్ణి నా నోటితోనే పేరూ ఊరూ లేని నక్షత్రం చేసేశాను. పిల్ల కూర్చుంది గానీ, చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయింది.

ఇక మా పెద్దసార్ సంగతి. వేంసూరు వైపు మనిషి, మెత్తనివాడు, జాతకాల మీద గొప్ప నమ్మకం. కొడుక్కి కుజ దోషం ఉందని అప్పటికి నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. మా గ్రౌండుకు కుజుడు రోజూ వస్తున్నాడని వినగానే వచ్చి, గుట్ట వైపు చూసి, కళ్లు మూసుకుని దండం పెట్టారు. "ఏమయ్యా మాస్టారూ, ఇంత స్పష్టంగా కనబడతాడని నాకు ఇన్నాళ్లూ తెలియనే లేదే! పుస్తకాల్లో చదవడమే గానీ, ఇదిగో ఇలా చూపించినవాడు లేడయ్యా" అని నా భుజం తట్టారు. నేను పొంగిపోయాను. ఆ వారం నుంచి ప్రతి మంగళవారం సాయంత్రం ఆయన స్నానం చేసి, ఎర్ర తుండు కప్పుకుని, పళ్లెంలో కందులు పెట్టుకుని గ్రౌండుకు వచ్చేవారు. తూర్పుకు తిరిగి ఏదో స్తోత్రం చదివేవారు. ఆ కందులు మర్నాడు పిల్లల పప్పులో పడేవి. ఆశ్చర్యం ఏమిటంటే, రెండు నెలలు తిరక్కుండానే కొడుక్కి సంబంధం కుదిరింది! పెద్దసార్ నాకు స్వీటు పెట్టి, "అంతా ఆ గుట్ట మీది స్వామి చలవ" అన్నారు.

స్వామి ఎవరో నాకు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తెలిసింది. "కుజ గ్రహం గురించి మీకు తెలిసినది రాయుము" అని ప్రశ్న ఇచ్చాను. ఒకడు రాశాడు: "కుజుడు ఎర్రగా ఉండును. గుట్ట మీద ఉండును. కరెంటు పోయినప్పుడు ఉండడు. కరెంటు రాగానే వచ్చును." పదమూడు పేపర్లలో ఇదే జవాబు, కాపీ కొట్టినట్టు. ఇంకొకడు: "కుజుడి చుట్టూ ముళ్ల కంచె కలదు. లోపలికి మేకలను రానివ్వరు." మరొకడు సగర్వంగా: "కుజుడికి వాచ్‌మన్ కలడు. అతడు మా మేనమామ." (స్టాఫ్ రూములో నేను కథ ఆపేది ఇక్కడే. ఇక్కడికి అందరూ బల్లలు చరుస్తూ నవ్వుతారు.) ఆ పిల్లలు నన్ను ఎగతాళి చెయ్యలేదు. వాళ్లకు తెలిసిందీ నిజమే, సార్ చెప్పిందీ నిజమే అయి ఉండాలి కాబట్టి రెండింటినీ కలిపి కుట్టారు. బడిలో అది టవరని తెలియనివాళ్లం ఇద్దరమే, నేనూ మా పెద్దసారూ. డౌటమ్మ పేపరు తీసి చూశాను. పాఠంలో ఉన్నదంతా రాసింది, భూమి కంటే చిన్నది, రెండు ఉపగ్రహాలు, అన్నీ. ఎక్కడ కనిపిస్తుందో మాత్రం రాయలేదు. ఆ ఒక్క గీతలో ఖాళీ వదిలింది.

ఆ ఆదివారం సైకిలు వేసుకుని గుట్ట దాకా వెళ్లాను. ముళ్ల కంచె ఉంది. వాచ్‌మన్ ఉన్నాడు. "ఏంది సార్, గింత దూరం వచ్చిన్రు? మీరు రోజూ మా లైటును చూపిస్తున్నరంట గద, మా అల్లుడు చెప్పిండు" అని నవ్వుతూ మంచినీళ్లు ఇచ్చాడు. తిరిగొస్తూ దారిపొడుగునా ఒప్పుకోవాలనే అనుకున్నాను. సోమవారం ప్రార్థన కాగానే చెప్పేద్దాం, నవ్వితే నవ్వనీ, అనుకున్నాను. సోమవారం ప్రార్థన కాకముందే పెద్దసార్ వరండాలో ఎదురొచ్చి, మన ఆకాశ పాఠాల గురించి భద్రాచలంలో గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసరుగారికి స్వయంగా చెప్పి వచ్చాననీ, ఆయన ఎంతో మెచ్చుకుని, వచ్చే నెల చూడ్డానికి వస్తామన్నారనీ చెప్పారు. "గురుకులం సీటు కూడా ఆ రోజే తేలుస్తారట. నీ పేరు మారుమోగిపోతుందయ్యా" అన్నారు. ఆయన మొహంలో సంతోషం చూశాక తల ఊపి క్లాసుకు వెళ్లిపోయాను. ఆయన సంతోషం కోసమే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఊరుకున్నది నా కోసమే.

ఆ సీటు సంగతి చెప్పాలి. ఖమ్మంలో ఒక మంచి గురుకులం ఉండేది. పదో తరగతి దాకా అన్నీ వాళ్లే చూసుకునేవారు. మా బడి నుంచి ఏటా ఒక్కరిని తీసుకునేవారు. మా దగ్గర ఏడో తరగతి అయిపోతే, పై చదువుకు ఎక్కడో దూరం వెళ్లాలి. మగపిల్లలు ఏదో అవస్థపడి వెళ్లేవారు, ఆడపిల్లలు చాలామంది మరుసటి ఫిబ్రవరికల్లా మిర్చి ఏరడానికి ట్రాలీలెక్కేవారు. రాత పరీక్షలో అవ్‌సార్‌కూ డౌటమ్మకూ సరిగ్గా సమానంగా మార్కులు వచ్చాయి. ఎవరో ఒకరిని ఆఫీసరుగారు మాట్లాడి ఎంచుకోవాలి. డౌటమ్మ తండ్రి ఒకరోజు గూడెం నుంచి నడిచి వచ్చి, చెప్పులు బయట విడిచి, "సార్, మీ చేతులనే ఉన్నది. మా ఇండ్లల్ల ఎవ్వరు చదవలే. ఇది రాత్రి పండుకున్నంక గూడ మీరు చెప్పిందే చెప్తది" అన్నాడు. ఆ భుజాల మీద, ఇనుము మోసిన చోట, చర్మం నల్లగా కమిలిపోయి ఉంది.

ఆఫీసరుగారు సాయంత్రం ఆరున్నరకు జీపులో వచ్చారు. చిన్నవాడే, చురుకైనవాడు, మంచివాడు కూడా. ఏడింటికి గ్రౌండులో పిల్లలతో పాటు నేల మీదే కూర్చున్నారు. పెద్దసార్ ఎర్ర తుండు మీద దండ వేసుకుని పక్కన నిలబడ్డారు. నేను తెలివిగా ఆ రోజు పాఠమంతా పడమటి వైపే నడిపాను. అయినా ఆఫీసరుగారి చూపు తూర్పుకు తిరిగింది. ఇద్దరు పిల్లల్నీ ముందుకు పిలిచారు. గుట్ట వైపు వేలు చూపించి, మొదట డౌటమ్మను అడిగారు.

"ఆ ఎర్రగా కనబడుతున్నది ఏమిటమ్మా?"

నేను ఆఫీసరుగారి వెనక నిలబడి ఉన్నాను. పిల్ల గుట్టను చూడలేదు, నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. నేను చెయ్యగలిగిన పని ఒక్కటే ఉంది. ఒకడుగు ముందుకేసి, "సార్, తప్పు నాది. ఆ పిల్లకు మొదటి రోజు నుంచీ తెలుసు" అనాలి. పట్టున పది మాటలు కూడా లేవు. నేను ఉన్నచోటే నిలబడ్డాను. ఆ పిల్ల చూపు నా మీంచి తీసి, చేతులు కట్టుకుని, గట్టిగా చెప్పింది.

"కుజ గ్రహం సార్."

ఆఫీసరుగారు పకపకా నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. ఆ నవ్వు విన్న అవ్‌సార్‌కు ఎటు తిరగాలో క్షణంలో తెలిసిపోయింది. "నువ్వు చెప్పు" అనగానే, "సెల్ టవర్ సార్! లైటు సార్!" అన్నాడు. అన్ని నెలలుగా నాకు అవ్ సార్ అన్న అదే గొంతు. ఆఫీసరుగారు "శభాష్" అని కాగితం మీద ఏదో రాసుకున్నారు. మా పెద్దసార్ ఆ మాట విని గుట్ట వైపు ఒకసారి చూసి, మెల్లగా తుండు భుజం మీంచి తీసి మడత పెట్టుకున్నారు. (కొడుకు పెళ్లి మాత్రం జరిగింది, కాపురమూ బాగానే ఉంది.) లేవబోతూ ఆఫీసరుగారు నా వైపు తిరిగి, "ఇంకా ఎన్ని మూఢనమ్మకాలో చూశారా మాస్టారూ, టవర్ లైటును కూడా గ్రహం అనుకుంటున్నారు. మీకు ఇక్కడ చాలా పని ఉంది" అన్నారు.

"అవును సార్. ఎంత చెప్పినా వినరు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ పిల్ల నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. విన్నది. తల వంచుకుని వెళ్లి తన వరసలో కూర్చుంది.

వారం తరవాత డౌటమ్మ తండ్రి వచ్చాడు. పేరు రాలేదంట గద సార్ అన్నాడు. తెలివైన పిల్లే గానీ, అడిగిన ప్రశ్నకు జవాబు తప్పు చెప్పిందన్నాను. ఆయన, "గదేంది సార్, అది టవరని దానికి ఎరికే గద. నేనే మోస్తిని. అది ఇంట్ల అందరికి చెప్పింది గూడ" అన్నాడు. పెద్దవాళ్లను చూసి భయపడి ఉంటుందిలే అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. అర్థం కాక అడిగినట్టే అడిగాడు: "ఏం భయం సార్? మీరు పక్కనే ఉన్నరంట గద?" నేను బల్ల మీది పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఎండాకాలం సెలవుల తరవాత ఆ పిల్ల ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ గూడెం బడికి మూడు కిలోమీటర్లే. బదిలీ అయ్యేదాకా ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ సిగ్గుతోనే ఆకాశం నేర్చుకున్నాను. పటం తలకు పైన పట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు వైరాలో పిల్లలకు శని వలయాలు చూపిస్తాను, చిన్న దుర్బిణి కూడా ఉంది. చుట్టుపక్కల బడులవాళ్లు పిలుస్తారు. అవ్‌సార్ ఇంజినీరయ్యాడు, పండగకు ఫోను చేస్తాడు. బాగున్నావా అంటే అవ్ సార్ అంటాడు.

కిందటేడు ఏదో ట్రైనింగుకని భద్రాచలం వెళ్లి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన మిర్చి ఏరే ఆడవాళ్లను ఎక్కించుకుంటున్న ట్రాలీ ఆటో ఉంది. అందులోంచి ఒకామె దిగి, నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు సైన్స్ సార్ గద?" అంది. ముప్పై ఏళ్లుంటాయి. నేను గుర్తుపట్టలేదు. "నేను సార్, డౌటమ్మను" అని నవ్వింది. ఇద్దరు పిల్లలని చెప్పింది. పెద్దది ఆరో తరగతట, చుక్కలన్నీ గుర్తుపడుతుందట, తనే నేర్పిందట. "మీరు చెప్పినయే సార్" అంది. ఎన్నో ఏళ్లుగా కూడగట్టుకున్న మాట నోటిదాకా వచ్చింది. "ఆ రోజు, ఆఫీసరు వచ్చిన రోజు..." అని మొదలుపెట్టాను.

"మీకు గుర్తున్నదా సార్!" అని ఆశ్చర్యపోయింది. "ఆ దినం నేను మస్తు భయపడ్డ సార్. టవరని చెప్తే మీ నౌకరీ ఊడుతదని వంటామె అన్నది. కొత్త సారు, పోతే మళ్ల ఎవ్వరు రారు ఈ అడవికి, అనుకున్న. గందుకే కుజుడన్న." ఆటోవాడు హారన్ కొట్టాడు. రెండడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగింది. "నౌకరీకి ఏం గాలే గద సార్?"

"ఏం కాలేదమ్మా" అన్నాను.

"మంచిగయింది సార్" అని తేలిగ్గా నవ్వి, పరిగెత్తి ఆటో ఎక్కింది. నేను కూడా నవ్వాను. అన్నీ తెలిసిన ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు కళ్లముందు మెదిలి, వాణ్ణి చెంప మీద కొట్టాలనీ అనిపించింది, జాలీ వేసింది. ఆఫీసరు వచ్చి వెళ్లిన మరుసటి జనవరి ఇరవై ఆరున, గిరిజన బాలల్లో మూఢనమ్మకాలు పోగొడుతున్నందుకు నాకు ప్రశంసా పత్రం ఇచ్చారని మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.